తొమ్మిదో ఆజ్ఞ: రాహాబు చెప్పింది పాపమా? యూత్ క్లాసులో ఏం చెప్పాలి?

సైలాస్_గుంటూరు
అందరికీ వందనాలు. మా యూత్ మీటింగులో పది ఆజ్ఞలు వరసగా చెప్పుకొస్తున్నాం. వచ్చే నెల నాలుగు ఆదివారాలూ తొమ్మిదో ఆజ్ఞకే: నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకకూడదు. క్లాసు 45 నిమిషాలు, ఇంటర్ నుంచి డిగ్రీ దాకా పిల్లలు. "అబద్ధమాడకూడదు" అనగానే ఎవరో ఒకరు యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచి రాజు మనుషులకు అబద్ధం చెప్పిన రాహాబునీ, ఫరో చంపమన్న మగబిడ్డల్ని బతకనిచ్చి అతనితో బొంకిన ఐగుప్తు మంత్రసానులనీ తెస్తారు. అది తేలకపోతే మిగతా క్లాసు నడవదు. ప్రాణం కాపాడటానికైతే పరవాలేదని చెప్పాలా, వద్దా? వాక్యంతోపాటు సంఘ చరిత్రలో ఎవరేమన్నారో కూడా కావాలి.

హిప్పోవాసి
బ్రదర్, పాతకాలపు హిప్పో బిషప్పు అగస్టీనుతో మొదలుపెట్టండి. పడమటి సంఘంలో ఆయన తర్వాత ఈ విషయం ఎత్తినవాళ్లంతా ఆయనతో ఒప్పుకునో, పేచీ పెట్టుకునో మాట్లాడారు. అబద్ధం మీద ఆయన పుస్తకాలు రెండు: ఒకటి 395 ప్రాంతంలో, రెండోది 420 ప్రాంతంలో. ప్రిసిల్లియను శాఖవాళ్లు (సంఘం తప్పుబోధ అన్న గుంపు) తమ విశ్వాసాన్ని దాచి అబద్ధమాడుతున్నారు, వాళ్లలో ఒకడిలా నటించి పట్టుకోవచ్చా అని అడిగినవాడికి జవాబు ఆ రెండోది. కూడదన్నాడు.

ఆయన పట్టికలో అబద్ధాలు ఎనిమిది రకాలు, బరువు తగ్గే వరసలో. అన్నిటికన్నా ఘోరం మతబోధలో చెప్పేది. తర్వాత, ఎవరికీ లాభం లేకుండా ఒకరికి హాని చేసేది. ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం తెచ్చేది. మోసగించడంలో ఉన్న సరదా కోసం ఆడేది. నలుగురినీ మెప్పించడానికి కబుర్లలో కలిపేది. ఆఖరి మూడూ ఎవరికీ హాని చేయనివి: ఒకరి సొత్తు కాపాడేది, ప్రాణం కాపాడేది, శీలం కాపాడేది. ఎనిమిదీ పాపమే అన్నాడు కానీ ఎనిమిదీ ఒకే బరువు అనలేదు. మన క్లాసుల్లో మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తాం.

మొదటి స్థానం దేనికిచ్చాడో చూశారుగా. ప్రసంగంలో "ఇది నిజంగా జరిగింది" అని చెప్పే కల్పిత కథ ఆయన లెక్కలో రాహాబు మాటకన్నా చాలా పెద్ద నేరం.

మంత్రసానుల సంగతికి ఆయన జవాబు ఇది: దేవుడు వాళ్లకు మేలు చేసింది పసిబిడ్డల మీద వాళ్లు చూపిన దయకు, ఫరోకు చెప్పిన మాటకు కాదు. రాహాబుకూ ఇదే.

ప్రశ్నే_ప్రశ్న
ఆ విడదీత కాగితం మీద బాగుంటుంది. యెహోషువ 2 తీయండి. వేగులవాళ్లు మిద్దె మీద జనుపకట్టె కింద ఉన్నారు. "వాళ్లు వెళ్లిపోయారు, తరిమితే దొరుకుతారు" అని ఆమె అంటేనే రాజు మనుషులు యొర్దాను రేవుల వైపు పరుగెత్తారు. ఆ మాట లేకపోతే వేగులవాళ్లను వేరే దారిన పంపడమే లేదు. యాకోబు 2:25 మెచ్చుకున్నది ఆ పంపడాన్నే. క్రియను మెచ్చుకుని, ఆ క్రియ దేనిమీద నిలబడిందో దాన్ని తప్పంటామా?

పైగా సంఘమంతా అగస్టీను వైపు లేదు. తూర్పు సంఘపు బిషప్పు యోహాను క్రిసోస్తొము యాజకత్వం మీద రాసిన పుస్తకం మొదట్లోనే, మేలు కోసం చేసే మోసాన్ని వైద్యులనీ సేనాపతులనీ చూపించి సమర్థించాడు. ఐగుప్తు ఎడారి సన్యాసుల మాటలు రాసిపెట్టిన కాసియను అబద్ధాన్ని హెల్లెబోర్ అనే విషమూలికతో పోల్చాడు: చావు రోగం మీదపడినప్పుడు పుచ్చుకుంటే మందు, ఒళ్లు బాగున్నప్పుడు తింటే చావు. ఆయన ఉదాహరణల్లో రాహాబు కూడా ఉంది. కాసియను అగస్టీను కాలంవాడే.

హిప్పోవాసి
ఒప్పుకుంటాను, అది బలమైన వాదనే. కానీ హెబ్రీ 11:31, యాకోబు 2:25 రెంటిలోనూ పొగిడింది వేగులవాళ్లను చేర్చుకోవడం, పంపడం. ఆమె నోటిమాట ప్రస్తావన రెండుచోట్లా లేదు. లేఖనం మాట్లాడనిచోట మనం "దేవుడు అబద్ధాన్ని ఆశీర్వదించాడు" అనకూడదంతే.

అబద్ధమాడకుండా ప్రాణం కాపాడటం కుదరదని పిల్లలు అనుకుంటారు కాబట్టి ఫిర్మస్ సంగతి చెప్పండి. అగస్టీను మొదటి పుస్తకంలోనే ఉంది. ఈయన తగస్తే ఊరి బిషప్పు, తన దగ్గరికొచ్చిన ఒకణ్ని దాచాడు. చక్రవర్తి మనుషులు వచ్చి అడిగితే, అబద్ధమూ ఆడను, అతణ్ని పట్టి కూడా ఇవ్వను అన్నాడు. హింసించినా చెప్పలేదు. చివరికి చక్రవర్తి ముందు నిలబెడితే, ఆయన మెచ్చి ఆ దాగినవాణ్ని కూడా వదిలేశాడు.

ప్రశ్నే_ప్రశ్న
చక్రవర్తి మంచివాడైతే సరే. 1944 ఫిబ్రవరి 28న నెదర్లాండ్స్‌లోని హార్లెంలో, యూదుల్ని దాచిన టెన్ బూమ్ వాళ్ల ఇంటి మీద పడ్డ నాజీ పోలీసులు గెస్టపో సంగతేంటి? అక్కడ మౌనంగా ఉండటమంటేనే "ఉన్నారు" అని చెప్పినట్టు.

పాతకాటికిజం
మధ్యలో ఒక చిన్న సర్దుబాటు. సైలాస్ బాబూ, మీరు గుంటూరు కాబట్టి చెప్తున్నా. మా లూథరన్లకీ, కాథలిక్కులకీ ఇది ఎనిమిదో ఆజ్ఞ. విగ్రహాల ఆజ్ఞను మొదటిదాంట్లో కలిపి, ఆశించకూడదన్నదాన్ని రెండుగా చేస్తాం. 1842లో మిషనరీ హైయర్ దొరగారు గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఇక్కడి లూథరన్ ఇళ్లలో అదే లెక్క. మీరు "తొమ్మిదో" అంటే ఇంట్లో అమ్మమ్మ "ఎనిమిదో" అంటుంది, పిల్లలు తికమకపడతారు. మొదటి రోజే అర నిమిషం చెప్పేయండి. బోర్డు మీద నిర్గమకాండము 20:16 అని రాస్తే ఏ గొడవా ఉండదు.

ఇక 1529 నాటి చిన్న కాటికిజంలో (ప్రశ్నోత్తరాల బోధ పుస్తకం) సంస్కర్త లూథర్ వివరణ చూడండి. పొరుగువాని మీద అబద్ధం చెప్పొద్దు, అతనికి ద్రోహం చేయొద్దు, చాడీలు చెప్పొద్దు, పేరు చెడగొట్టొద్దు అని ఊరుకోలేదు. అతని పక్షాన మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసిన ప్రతిదానికీ మంచి అర్థమే తీయాలి అన్నాడు. కుర్రాళ్లకు ఈ ఆఖరిదే కష్టం. అబద్ధమాడకుండానే ఈ ఆజ్ఞను మీరవచ్చని అప్పుడు తెలుస్తుంది.

ఇంత బాగా రాసినాయన 1540లో ఏం చేశాడో కూడా దాచకండి. జర్మనీలోని హెస్సే ప్రభువు ఫిలిప్పు భార్య ఉండగానే రెండో పెళ్లి చేసుకుంటే, లూథర్ రహస్యంగా ఒప్పుకున్నాడు. బయటపడ్డాక సంఘం మేలు కోసం గట్టిగా ఒక అబద్ధం చెప్పేస్తే ఏం పోయిందన్నాడు. పోయింది. సంస్కరణ ఉద్యమం పరువే పోయింది. "మంచి పని కోసం" అనే అబద్ధం ఎక్కడికి జారుతుందో చెప్పడానికి రాహాబు కన్నా ఇది నయం.

పాలమూరు_బ్రదరెన్
కాటికిజం గారూ, మీ లూథర్ గురించి మీరే చెప్పారు కాబట్టి మేం ఊరుకుంటాం 🙂

సైలాస్_గుంటూరు
ఇదంతా చాలా పనికొస్తుంది. అయితే దాచడానికీ అబద్ధానికీ గీత ఎక్కడ? పిల్లలు అడిగేది అదే.

హిప్పోవాసి
1 సమూయేలు 16 తీయండి. దావీదును అభిషేకించడానికి వెళ్తే సౌలు చంపుతాడని సమూయేలు భయపడితే, ఒక పెయ్యను తీసుకెళ్లి బలి అర్పించడానికి వచ్చానని చెప్పమన్నది దేవుడే. బలి నిజంగానే అర్పించాడు. చెప్పినదాంట్లో అబద్ధం లేదు, చెప్పనిది ఉంది. యిర్మీయా 38:24-27 కూడా అంతే. రాజు సిద్కియాతో జరిగిన మాటలన్నీ యిర్మీయా అధికారులకు చెప్పకుండా, తనను తిరిగి చెరలో వేయొద్దని వేడుకున్న సంగతి మాత్రం చెప్పాడు. ఆ వేడికోలు 37:20లో నిజంగానే ఉంది.

ఎదురుగా ఆదికాండము 12, 20 పెట్టండి. శారా నా చెల్లెలు అని అబ్రాహాము అన్నది మాటవరకు నిజమే, 20:12 ప్రకారం తండ్రి ఒకడే. కానీ ఆ నిజాన్ని వాడింది భార్య కాదని నమ్మించడానికి. ఫరో, అబీమెలెకు ఇద్దరూ ఆయన్ని నిలదీశారు. సమూయేలు దాచిందాని వల్ల అమాయకుడెవడూ చిక్కుల్లో పడలేదు, అబ్రాహాము మాట వల్ల శారా పరాయి అంతఃపురానికి వెళ్లింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే క్లాసు దానంతటదే నడుస్తుంది.

13వ శతాబ్దపు వేదాంతి తోమా అక్వీనాసు కూడా ఇక్కడే నిలబడ్డాడు: ఏ అబద్ధమైనా పాపమే, సత్యాన్ని వివేకంతో దాచడం మాత్రం తగును. మేలు కోసం, వేళాకోళానికి, కీడు కోసం అని మూడు రకాలు చేసి, మొదటి రెండూ సాధారణంగా మరణకరమైన పాపాలు కావన్నాడు.

పాలమూరు_బ్రదరెన్
కాథలిక్ బ్రదర్‌కి ఒక ప్రశ్న. పైకి ఒకటి చెప్పి, మిగతా సగం మనసులో అనుకునే పద్ధతి మీ జెస్యూట్ ఫాదర్లదే కదా?

హిప్పోవాసి
జెస్యూట్లకు ముందే ఉంది గానీ పేరు వాళ్లకొచ్చింది. పైకి "నేను చూడలేదు" అని, లోపల "నీకు చెప్పడానికి" అని కలుపుకోవడం. వినేవాడు ఎంత తెలివైనవాడైనా పట్టుకోలేడు కాబట్టి అది అచ్చమైన అబద్ధమే. 1679లో పదకొండో ఇన్నోసెంట్ పోపు దాన్ని ఖండించాడు. మిగిలింది రెండో రకం: లోకం వాడుకలో మాటకు రెండర్థాలుండి, వినేవాడు ఆలోచిస్తే పట్టుకోగలిగేది. "అయ్యగారు లేరండి" అంటే ఇప్పుడు కలవరు అని అందరికీ తెలుసు. పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) విన్నదాని గురించి అడిగితే ఫాదర్ గారు "నాకు తెలియదు" అనడమూ ఇదే కోవ.

కాథలిక్ సంఘపు అధికారిక బోధ పుస్తకం సత్యోపదేశంలో జరిగిన ఒక మార్పు కూడా చూడండి. 1992 కూర్పులో 2483వ పేరాలో, తెలుసుకునే హక్కున్న వ్యక్తిని తప్పుదారి పట్టించడమే అబద్ధం అని ఉండేది. 1997 లాటిన్ ప్రతిలో ఆ "హక్కున్న" అనే మాట తీసేశారు. కాబట్టి హక్కు లేనివాడితో కూడా అబద్ధం అబద్ధమే. అయితే హక్కు లేనివాడికి నిజం బయటపెట్టాల్సిన బాధ్యత లేదని 2489 అలాగే ఉంది. హక్కు అన్న వాదన 1625లో డచ్చి న్యాయవేత్త గ్రోషియస్ గట్టిగా నిలబెట్టింది. ప్రశ్నే_ప్రశ్న గారికి ఆయన నచ్చుతాడు.

ప్రశ్నే_ప్రశ్న
నచ్చుతాడు. హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ ఇంకా నచ్చుతాడు. 1943లో జైల్లో ఉండి రాసిన వ్యాసంలో ఒక పిల్లవాడు: టీచరు క్లాసులో అందరి ముందూ "మీ నాన్న తరచూ తాగి వస్తాడటగా" అంటే, నిజమే అయినా కాదంటాడు. పిల్లవాడి మాట అబద్ధమే, కానీ ఇల్లు టీచరు చొరబడే చోటు కాదన్న సత్యం అందులో ఉంది, తప్పు అడిగినవాడిది అంటాడు. సైలాస్ గారూ, రాహాబుకు బదులు ఈ ప్రశ్నతో మొదలుపెట్టండి. యెరికో కన్నా ఇది మన పిల్లలకు దగ్గర.

చిన్నప్రశ్న
మా అయ్యగారు "ఇంకో రెండు నిమిషాల్లో ముగిస్తాను" అంటారు. ఎనిమిదింటిలో ఏ రకం?

హిప్పోవాసి
వేళాకోళాన్ని అగస్టీను అబద్ధాల లెక్కలోకే తీసుకోలేదు. విన్నవాడెవడూ నమ్మడు కాబట్టి.

లా_పాయింట్
అందరూ రాహాబు దగ్గరే ఆగిపోయారు. ఆజ్ఞ మొదట మాట్లాడింది సాక్షి గురించి. ద్వితీయోపదేశకాండము 19:15 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే మాట నిలుస్తుంది. 19:18-19 ప్రకారం న్యాయాధిపతులు బాగా విచారించాలి, అబద్ధసాక్షి ఎదుటివాడికి ఏ శిక్ష పడాలనుకున్నాడో అదే వాడికి పడాలి. 17:7 ప్రకారం మరణశిక్షలో మొదటి రాయి సాక్షే వేయాలి. ఇన్ని కట్టుదిట్టాలూ ఎలా కూలిపోతాయో 1 రాజులు 21లో, ద్రాక్షతోట కోసం అబద్ధసాక్ష్యంతో చంపించిన నాబోతు కథలో చూడండి: సాక్షులు ఇద్దరూ ఉన్నారు, పద్ధతి అంతా ఉంది, అలా చేయమన్న ఉత్తరం మాత్రం రాణి యెజెబెలుది. రెండో ఆదివారమంతా ఇదే చెప్పొచ్చు.

ఇప్పటి చట్టం: భారతీయ న్యాయ సంహిత 229 కింద కోర్టు విచారణలో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ప్రమాణం చేయడం ఇష్టం లేనివాళ్లకు 1969 ప్రమాణాల చట్టం 5వ సెక్షన్ దారిస్తుంది. దేవుని పేరు ఎత్తకుండా నిజమే చెప్తానని దృఢంగా పలికితే చాలు. శిక్ష మాత్రం రెండు రకాలవాళ్లకూ ఒకటే.

పాలమూరు_బ్రదరెన్
మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలకు ఇది సొంత విషయం. 1527లో స్విట్జర్లాండ్‌లోని ష్లైథైమ్‌లో మా పూర్వీకులు ఒప్పుకున్న ఏడు అంశాల్లో ఆఖరిది ప్రమాణం చేయకపోవడమే. ఆధారం మత్తయి 5:37: మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు. ప్రమాణం చేసినప్పుడే నిజం చెప్తానంటే, మిగతా సమయంలో చెప్పేది రెండో రకం మాట అని ఒప్పుకున్నట్టే. ఆంగ్లికన్ల 39 సూత్రాల్లో చివరిది మాత్రం న్యాయాధికారి అడిగితే చేయవచ్చంటుంది. పౌలు "దేవుడే సాక్షి" అన్నది వాళ్లు చూపిస్తారు, రోమా 1:9.

లెక్కల_సిస్టర్
నేను సంఘాల రిపోర్టుల గురించి చెప్తాను, అగస్టీను మొదటి రకం ఎక్కువగా దొరికేది అక్కడే. సువార్త కూటం రిపోర్టులో "500 మంది రక్షించబడ్డారు" అని ఉంటుంది. చేతులెత్తినవాళ్లా, పేరు రాసిచ్చినవాళ్లా, బాప్తిస్మం తీసుకున్నవాళ్లా, ఆరు నెలల తర్వాత కూడా ఆరాధనకు వస్తున్నవాళ్లా? నాలుగూ నాలుగు గడులుగా వేయండి. ఒకే గడి ఉంటే అందులో ఎప్పుడూ పెద్ద అంకే పడుతుంది. మూడు రాత్రుల హాజరు కూడితే వచ్చేది మనుషుల లెక్క కాదు, ఒకే మనిషి మూడుసార్లు లెక్కకొస్తాడు. ఫొటో కింద తేదీ, ఊరు లేకపోతే పోయినేటి జనం ఈ ఏడాది రిపోర్టులోకి నడిచొస్తారు. బావికని వచ్చిన డబ్బు ప్రహరీకి వాడితే అడిగి వాడాలి, వాడాక చెప్పడం కాదు. 2 కొరింథీ 8:20-21లో పౌలు చందా డబ్బుతో మనుషుల్ని పంపింది కూడా ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలనే.

స్వస్థత సాక్ష్యాలకు: ముందు రిపోర్టు, తర్వాత రిపోర్టు రెండూ ఉంటేనే రోగం పేరు చెప్పించండి. లేకపోతే "నొప్పి తగ్గింది" అంటే చాలు, దేవుని మహిమకు లోటు రాదు. మందులు వాడుతుంటే ఆ మాటా చెప్పించాలి. అది దాచినందువల్ల విన్నవాళ్లు షుగరు మాత్రలు మానేస్తారు.

పొలం అమ్మి సొమ్ము తెచ్చిన భార్యాభర్తలు అననీయ, సప్పీరాల తప్పు డబ్బు ఉంచుకోవడం కాదని అపొస్తలుల కార్యములు 5:4లో పేతురే అన్నాడు. పొలం నీదే, సొమ్ము నీ వశంలోనే ఉంది. కొంత తెచ్చి "ఇదే మొత్తం" అనడం దగ్గరే తప్పు వచ్చింది.

వార్డు_మార్త
నర్సింగ్ పిల్లలు ఉంటే తప్పకుండా అడుగుతారు: క్యాన్సరని తెలిసినా "పెద్దాయనకి చెప్పకండి" అని ఇంటివాళ్లు బతిమాలతారు. ముందు రోగినే అడగాలి: మీ జబ్బు గురించి వివరంగా తెలుసుకుంటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా? ఆయన "మా అబ్బాయికి చెప్పండి" అంటే అక్కడితో ఆగడం అబద్ధం కాదు. "నాకు క్యాన్సరా?" అని సూటిగా అడిగితే "కాదు, గడ్డంతే" అనకూడదు. నర్సు అయితే "డాక్టరుగారితో కూర్చుని మాట్లాడదాం" అని, అదే రోజు కూర్చోబెట్టాలి. కీమో మొదలయ్యాక చాలామందికి వెంట్రుకలు ఊడతాయి, అబద్ధం అప్పుడెలాగూ బయటపడుతుంది. ఆ తర్వాత ఆయన ఎవరినీ నమ్మరు, మందు వేసుకోమన్నా వినరు. ఎఫెసీ 4:15 "ప్రేమ కలిగి సత్యము చెప్పుచు" అంటే ఈ పూట ఎంత చెప్పాలో చూసుకోవడం కూడా.

కొత్తసభ్యుడు
ఎవరూ ఎత్తడం లేదు గానీ, కుల సర్టిఫికెట్ల సంగతేంటి? ఆదివారం గుడికి, కాగితం మీద హిందూ ఎస్సీ.

లా_పాయింట్
ఎత్తాల్సిందే. 1950 ఎస్సీ ఉత్తర్వు మూడో పేరా ప్రకారం మొదట (కొన్ని సిక్కు కులాలు తప్ప) హిందువులకే వర్తించింది, 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లకూ వాళ్ల సంతానానికీ మన రాష్ట్రాల్లో బీసీ-సి, ఒక శాతం. మతం మారినా కులవివక్ష పోలేదు కాబట్టి మతంతో ముడి తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. అమలు కాలేదు.

చట్టం అన్యాయమని వాదించడానికి పూర్తి హక్కుంది. కానీ ఫారంలో మతం అన్న గడిలో, తాను విశ్వసించనిది రాసి సంతకం పెడితే అది తప్పుడు ప్రకటనే, పట్టుబడితే సర్టిఫికెట్టూ ఉద్యోగమూ పోతాయి.

పాతకాటికిజం
దీనికి ఇంకో వైపు ఉంది. ఆ కాగితం తీసుకున్న కుర్రాణ్ని వేదిక మీద నుంచి ఎత్తిపొడిచేవాళ్లకు, తరాల తరబడి చదువు దొరకని ఇల్లు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. కాగితంలో తప్పుందని ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పండి, ఫీజుకి దారి చూపించి మరీ చెప్పండి. ఒకరి సర్టిఫికెట్ ఎలాంటిదో గుడి మెట్ల మీద గుసగుసలాడితే అదీ ఈ ఆజ్ఞ కిందికే వస్తుంది.

సైలాస్_గుంటూరు
ఇది యూత్‌కి కాకుండా పెద్దలతో విడిగా మాట్లాడతాను. చివరగా ఒకటి. పోయిన నెల ఎవరో పాస్టర్ గారి మీద తప్పుడు వార్త యూత్ గ్రూపులో తిరిగింది. పెట్టిన కుర్రాడు డిలీట్ చేశాడు. అంతటితో సరిపోతుందా?

లెక్కల_సిస్టర్
సరిపోదు. డిలీట్ చేస్తే చూడనివాళ్లకే పోతుంది, చూసినవాళ్ల మనసులో అలాగే ఉంటుంది. లేవీయకాండము 6:1-5లో పొరుగువానితో బొంకి సొత్తు తీసుకున్నవాడు అసలు ఇచ్చి, ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఆ తర్వాతే బలి. పేరు విషయంలో కూడా అలాగే, చెడగొట్టినదానికన్నా కాస్త ఎక్కువే బాగుచేయాలి.

అదే గ్రూపులో, జనం చూసే వేళకి రాయించండి: ఫలానా రోజు నేను పెట్టింది తప్పు, సరిచూడకుండా పెట్టాను. "ఎవరికైనా బాధ కలిగితే క్షమించండి" అని రాయనివ్వకండి, అందులో తప్పు ఒప్పుకోలు లేదు. అబద్ధాన్ని మళ్లీ వివరంగా రాయొద్దు, చూడనివాళ్లు కొత్తగా చదువుతారు. తను ఇంకే గ్రూపులకు పంపాడో అక్కడా పెట్టాలి. ఆ పాస్టర్ గారికి మాత్రం మెసేజ్ కాదు, మనిషే వెళ్లాలి. వెంట మీరు వెళ్లండి.

హిప్పోవాసి
సత్యోపదేశం 2487 కూడా ఇదే అంటుంది, అందరి ముందూ సరిదిద్దడం కుదరకపోతే రహస్యంగానైనా పరిహారం చేయాలని. పాపసంకీర్తనంలో క్షమాపణ దొరికినా ఈ బాధ్యత పోదు.

సైలాస్_గుంటూరు
శనివారం ఆ కుర్రాడితో కలిసి వెళ్తున్నాను. మెసేజ్ రాశాక ఇక్కడ పెడతాను, పేర్లు తీసేసి. చూసి చెప్పండి.